నలభైలో కరాటే నేర్చుకోవచ్చునా?

సూర్యాపేటలో గాని, కోదాడలో గాని, మిర్యాలగూడలో గాని కరాటే అనగానే మనకు తెల్ల డ్రస్సు వేసుకున్న బడిపిల్లలే గుర్తుకు వస్తారు. తెల్లవారుజామున పిల్లవాణ్ణి గ్రౌండుకు తీసుకువచ్చి, శిక్షణ ముగిసేదాకా గోడ పక్కన కూర్చునే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. ఆ గోడ పక్కన కూర్చున్నవారి కోసమే ఈ వ్యాసము. "మీరూ నేర్చుకోవచ్చు కదా" అంటే, "ఈ వయసులో మాకెందుకయ్యగారూ, నలుగురూ నవ్వరా?" అంటారు. నిజానికి అవసరము వారికే ఎక్కువ.

చీకటి పడ్డాక పొలము నుండి ఒంటరిగా వచ్చేది తల్లి. కూలి డబ్బులు కొంగున ముడివేసుకుని రోడ్డు మీద ఆటో దిగేది ఆమే. రాత్రిపూట మోటారు చూడటానికి గట్ల మీద నడిచేది తండ్రి. బీపీ, షుగరు పట్టుకునేది కూడా ఈ వయసువారినే. ప్రభుత్వ బడులలో 6 నుండి 12వ తరగతి వరకు చదివే ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ ఇచ్చే పథకము సమగ్ర శిక్ష కింద ఉంది. మంచిదే. అయితే అది బడిపిల్లలను ఉద్దేశించినది. తల్లి సంగతి తల్లే చూసుకోవాలి.

ఈ నేలకు కొత్త కాదు

ఇవన్నీ పట్నమువారి సరదాలని అనుకోనక్కరలేదు. మన పల్లెలలో కర్రసాము ఉన్నది. తెలంగాణ పట్టణాలలో కుస్తీ, కసరత్తు నేర్పే తాలీంఖానాలు ఉండేవి. 1946లో ఈ ప్రాంతమంతా నల్లగొండ జిల్లాగా, నిజాము ఏలుబడిలో ఉన్నప్పుడు, బాలెంల, పాత సూర్యాపేట వంటి ఊళ్లలో మామూలు రైతుకూలీలు దొరల మనుషులను, పోలీసులను వడిసెలలతో, కర్రలతో ఎదుర్కొన్నారు. ఆ పోరాటములో ఆడవారి చేతికి అందిన ఆయుధాలు రోకలి, కారంపొడి. తుంగతుర్తి ప్రాంతపు మల్లు స్వరాజ్యము గారు టీనేజీలోనే దళములో చేరి నాయకత్వము వహించారు. తరువాత 1978లోను, 1983లోను తుంగతుర్తి నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. 2022 మార్చి 19న మరణించారు.

ఆనాటి రాజకీయాలు మన చర్చ కాదు. ఒక్క సంగతి గమనించండి. వడిసెల అంటే జొన్నచేలో పిట్టలను తోలే సాధనము. ఏండ్ల తరబడి చేలో తిప్పిన చేతికి గురి దానంతట అదే వచ్చింది. కష్టము చేసిన శరీరము ఏ వయసులోనైనా విద్యను అందుకుంటుందని మన అవ్వలే చూపించారు.

కరాటే నేర్పినది ఒక బడిపంతులు

కరాటే జపానుకు దక్షిణాన ఉన్న ఒకినావా దీవులలో పెరిగిన విద్య. దానిని జపాను ప్రధాన భూభాగములో వ్యాపింపజేసినవారిలో ముఖ్యుడు గిచిన్ ఫునకోషి. ఆయన 1868లో పుట్టారు. చిన్నతనములో చాలా బలహీనుడు. పెద్దయ్యాక బడిపంతులుగా పనిచేశారు. 1922లో టోక్యో నగరములో ఈ విద్యను ప్రదర్శించి, అక్కడే ఉండి నేర్పటము మొదలుపెట్టేనాటికి ఆయనకు యాభై దాటినవి. 1957లో మరణించేదాకా కరాటేనే ఆయన జీవితము. మొదటి దెబ్బ మనది కాకూడదన్నది ఆయన బోధలో ప్రధానమైనది. కొత్తవారికి నేర్పే "కటా" అనే అభ్యాసాలు సైతము కొట్టటముతో కాదు, దెబ్బను అడ్డుకోవటముతో మొదలవుతాయి.

పొలము పని చాలదా?

"పొద్దస్తమానము కష్టపడేవాళ్లము, మళ్లీ వ్యాయామమా?" అని అడుగుతారు. సరైన ప్రశ్నే. నాట్లు వేసే సహోదరి రోజంతా నడుము వంచే ఉంటుంది. మిర్యాలగూడ రైసు మిల్లులో బస్తాలు మోసే హమాలీ సహోదరునికి భుజము, మెడ గట్టిపడిపోతాయి. ఒకే పని ఒకే భాగాన్ని అరగదీస్తుంది, మిగిలినది బిగుసుకుపోతుంది. పైగా ట్రాక్టరు, కోతమిషను వచ్చాక చాలామంది రైతులకు ఆ కష్టము కూడా తగ్గింది. గట్టు దాకా బండి మీదనే పోతున్నారు. మన దేశములో షుగరు వ్యాధి ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది అని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము 2023లో తెలియజేసింది. ఇది పట్నానికే పరిమితమైన జబ్బు కాదు.

పెద్దవారు వారానికి 150 నుండి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ గల వ్యాయామము చేయాలని, కండరాలకు బలమిచ్చే కసరత్తు వారములో రెండు రోజులైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. వారానికి మూడు రోజులు, రోజుకు 50 నిమిషాల సాధన ఈ రెండింటినీ తీరుస్తుంది. నిటారుగా నిలబడటము, నడుమును, తుంటిని తిప్పటము, ఒంటికాలి మీద ఆగటము, ఊపిరిని అదుపులో ఉంచటము ఇందులో ఉన్నవి. నాట్లు, బస్తాలు ఇవ్వనివి ఇవే.

ముందు పడటము నేర్చుకోండి

ప్రపంచములో ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది కిందపడి మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ప్రమాదవశాత్తూ గాయపడి చనిపోయేవారిలో రోడ్డు ప్రమాదాల తరువాత వీరే ఎక్కువ. జిగోరో కానో 1882లో స్థాపించిన జూడో విద్యలో కొత్తవారికి మొదటి పాఠము పడటమే. గడ్డమును ఛాతీకి ఆనించాలి, వీపును గుండ్రముగా వంచాలి, అరచేతితో, ముంజేతితో చాపను చరిచి దెబ్బను పంచాలి. తల నేలకు తగలరాదు. మొదట కూర్చుని, తరువాత గొంతుకూర్చుని, ఆ తరువాతే నిలబడి చేయాలి. దొంగ ఎదురు కాకపోయినా, వానాకాలము గట్టు మీద జారినప్పుడు ఈ ఒక్క పాఠము అక్కరకు వస్తుంది.

నలభై దాటినవారు మొదటి రోజుకు ముందే డాక్టరు దగ్గర బీపీ, షుగరు, గుండె చూపించుకోవాలి. మోకాలు, నడుము నొప్పి ఉంటే మాస్టరుకు ముందే చెప్పాలి. పది పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కనిదే కాలు విసరరాదు. ఎగిరి తన్నటము కుర్రవాళ్లకు వదిలేయండి. మీకు మోకాలికి కింద తన్ను చాలు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగటము కనిపిస్తే వెంటనే ఆపాలి.

ఆత్మరక్షణలో ఏది ముందు?

ఆత్మరక్షణ అంటే గెలవటము కాదు, క్షేమముగా ఇల్లు చేరటము. దానికొక వరుస ఉన్నది. మొదటిది చూపు: రోడ్డు మీద ఫోను చూస్తూ నడవరాదు, ఎదురుగా బండ్లు వచ్చే వైపునే నడవాలి, పుస్తెలతాడు కొంగు కింద ఉండాలి. రెండవది దూరము: తెలియని మనిషి రెండు చేతుల దూరములోనికి వస్తే వెనుకకు జరగాలి. మూడవది గొంతు. గట్టిగా అరవరాదని చిన్ననాటి నుండి ఆడపిల్లకు నేర్పిన మనము, ఇప్పుడు అరవటమే నేర్పవలసి ఉన్నది. కరాటేలో అరుపు కూడా పాఠమే.

చేయి పట్టుకున్నప్పుడు చూడండి: వాని బొటనవేలి కొస, మిగిలిన వేళ్ల కొసలు కలిసే చోటనే పట్టు బలహీనము. మోచేయి వంచి, చేతిని ఆ సందు వైపు తిప్పి ఒక్కసారిగా లాగాలి. కొట్టవలసి వస్తే పిడికిలి కన్న అరచేతి మడమ మేలు. అలవాటు లేని పిడికిలి తన వేళ్లనే విరుచుకుంటుంది. పట్టు వదలగానే పరుగెత్తాలి. కత్తి చూపించినవానికి గొలుసు ఇచ్చివేయండి. బంగారము మళ్లీ చేయించుకోవచ్చును.

చట్టము కూడా దీనికి తోడుగా ఉన్నది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తాయి. అయితే రక్షణకు కావలసినంతకు మించి గాయపరచరాదు. పారిపోతున్నవాణ్ణి వెంటాడి కొడితే అది రక్షణ కాదు, నేరము.

విశ్వాసికి తగునా?

ఒక చెంప కొడితే రెండవ చెంప చూపమన్న ప్రభువును వెంబడించేవారికి ఇదేమిటని కొందరి సందేహము. ఆ మాట పగ తీర్చుకోవద్దని చెబుతున్నది. ఆపదలో నిలబడి చావమని కాదు. నజరేతువారు కొండ కొమ్ము మీద నుండి పడద్రోయబోయినప్పుడు యేసు వారి మధ్య నుండి దాటి వెళ్లిపోయాడు (లూకా 4). పౌలు దమస్కులో గంపలో గోడ దిగి తప్పించుకున్నాడు (అపొ. కార్యములు 9). తప్పించుకోవటము పిరికితనము కాదు. శరీర సాధకములో కొంత ప్రయోజనమున్నదని పౌలే తిమోతికి వ్రాశాడు, భక్తిని దానికన్న ఎక్కువగా ఎంచాడు. ఆ వరుస మనమూ మరువరాదు. గురువుకు తల వంచటము జపానువారి నమస్కారము మాత్రమే. ఎక్కడైనా పటాలకు పూజ చేయించినా, అదృశ్య శక్తులు ఇస్తామన్నా, మర్యాదగా సెలవు తీసుకోండి.

మాస్టరును చూసి చేరండి

చేరక ముందు రెండు రోజులు పక్కన కూర్చుని చూడండి. ఒళ్లు వేడెక్కిస్తున్నాడా? పెద్దవారిని పిల్లలతో సమానముగా ఎగిరించకుండా ఉన్నాడా? స్త్రీలను తాకి నేర్పవలసి వచ్చినప్పుడు ముందు అడుగుతున్నాడా? ప్రతి రెండు నెలలకు బెల్టు పేరిట డబ్బు అడిగేవానితో జాగ్రత్త. పది రోజులలో ఎవరినైనా కొట్టగలరని చెప్పేవాడు అబద్ధికుడు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. 2022లో దేశములో స్త్రీలపై నమోదైన నేరాలలో అన్నిటికన్న ఎక్కువ భాగము, సుమారు 31 శాతము, భర్త లేక అతని బంధువుల క్రూరత్వమే. ఇంటిలోని దెబ్బకు కరాటే మందు కాదు. అక్కడ కావలసినది 181 నంబరు, 2005 నాటి గృహహింస చట్టము, నమ్మి తలుపు తీసే పొరుగువారు, "సర్దుకుపో తల్లీ" అని పంపివేయని సంఘ పెద్దలు. బయట ఆపదకు 112 ఉన్నది.

కాబట్టి ప్రియులారా, ఊరిలో పదిమంది స్త్రీలు, పదిమంది పురుషులు కలిస్తే చాలు. మండల కేంద్రము నుండి మాస్టరును వారానికి రెండు మూడు రోజులు పిలిపించుకోవచ్చును. బడి గ్రౌండు ఉన్నది. పాత చీరల బొంతలు చాపలవుతాయి. నవ్వేవారు మొదటి వారము నవ్వుతారు, రెండవ నెలలో వారే వచ్చి ఫీజు ఎంతని అడుగుతారు. వరి కోతలు ముగిసి చేతికి తీరిక దొరికే రోజులలో మొదలుపెట్టండి. పిల్లవాణ్ణి గ్రౌండులో దింపినప్పుడు, గోడ పక్కకు కాదు, మీరూ వరుసలోకి నడవండి.