పెంకుపై మిగిలిన కంటి గుర్తు

నాంపల్లి: నాంపల్లి చేరువలోని నౌబత్ పహాడ్‌పై గల బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం ముందు సందర్శకులు ఆగిపోతుంటారు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి వద్ద తవ్వితీసిన ఎముకలవి. ఆ రాక్షసబల్లి పేరుకు మూలమైన కోట శిలాశ్రేణి సున్నపురాళ్లలోనే ఆవగింజంత కూడా లేని ఆస్ట్రకాడ్ పెంకులు లభించాయి. వాటిని చూసేవారెవరు? రొయ్యలు, పీతల వర్గానికి చెందిన ఈ జీవులు ఆల్చిప్ప వంటి రెండు పెంకుల నడుమ బతుకుతాయి.

కన్ను మెత్తని అవయవం కనుక మరణానంతరం కుళ్లిపోతుంది. అయితే సముద్రపు రకాలనేకం పెంకు ముందుభాగాన, పైఅంచు చేరువలో చిన్న బొడిపె కలిగి ఉంటాయి. అక్కడి కాల్సైటు పారదర్శకమై, కటకంలా వెలుగును లోపలి కంటికి చేరవేస్తుంది. శిలాజంలోనూ ఆ బొడిపె నిలుస్తుంది. వెలుగు చొరని లోతుల్లోని జాతులు చాలావరకు గుడ్డివి, వాటికది ఉండదు. అందువల్ల ప్రాచీన సముద్రపు లోతును అంచనా వేసేందుకు శాస్త్రజ్ఞులు ఈ గుర్తును ఒక ఆధారంగా తీసుకుంటారు. రాజమండ్రి పరిసరాల్లో సుమారు 6.6 కోట్ల ఏళ్లనాటి లావా పొరల నడుమ గల సున్నపురాళ్లలోనూ ఆస్ట్రకాడ్లు లభించాయి.

కోట శిలలకు మాత్రం ఈ కొలబద్ద పనికిరాదు. అక్కడివి మంచినీటి జీవులు. అటువంటి రకాల పెంకు సాధారణంగా పలుచన, నునుపు. బొడిపె లేకుండానే వెలుగు లోపలికి చేరుతుంది. కనుక బొడిపె కానరానంత మాత్రాన ఆ జీవి గుడ్డిదని చెప్పడానికి వీల్లేదు.