సద్దు నణచు విద్య

మ్రోగుచున్న కంచుపళ్లెమును వ్రేలితో ముట్టినచో ధ్వని తత్‌క్షణమే యణగునని యెరుగని గృహిణి యుండదు. ఈ చిన్న యెరుకయే వృత్తిగా గల యింజనీర్లు హైదరాబాదు హైటెక్ సిటీ ప్రాంతమున గలరు. కార్లలోని మ్రోతను, అదురును తగ్గించుట వారి పని.

1998లో సైబర్ టవర్స్ వెలసినప్పు డచ్చట కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుటయే జరుగునని జనులు తలచిరి. పిమ్మట కార్లకు సంబంధించిన సంస్థలును వచ్చినవి. హ్యుందాయ్ వారి యింజనీరింగు సంస్థ 2006లో నెలకొన్నది. నానక్‌రాంగూడలో జర్మనీదేశపు జడ్.ఎఫ్. వారి కేంద్రము 2017లో తెరవబడినది. ఈ వీథులలో కార్లు తయారు కావు. పుట్టబోవు కారు ఎట్లుండవలెనో గణించుటయే ఇచటి పని.

నాలుగు సిలిండర్ల పెట్రోలు యింజను నిమిషమునకు 3000 చుట్లు తిరిగినచో, దానిలో సెకనుకు 100 మారులు ఇంధనము మండును. ఆ యదురు కారు రేకులకు ప్రాకును. ప్రతి రేకునకును తనదైన కంపనవేగ మొకటి గలదు. రెండును సరిపడెనా, ఆ రేకు తంబురవలె పలుకును. కావున యింజనీర్లు కంప్యూటరులో కారు రూపమును లక్షలకొలది చిన్న తునుకలుగా విభజించి, ఏ రేకు ఎప్పుడు పలుకునో ముందుగనే లెక్కకట్టుదురు. ఇక చికిత్స మన మెరిగినదే. రోటిక్రింద గోనెపట్ట వేసినట్లు యింజనుక్రింద రబ్బరుదిమ్మ లమర్తురు. పళ్లెముమీది వ్రేలివలె నేలరేకుపై తారువంటి మందపుపొర నంటింతురు. అయితే పొర హెచ్చినకొలది బరువు హెచ్చును. బరువు హెచ్చిన ఇంధనవ్యయము హెచ్చును. తక్కువ బరువుతో నెక్కువ సద్దు నణచుటయే నేర్పు.

విద్యుత్తుకార్లు వచ్చి యీ పనిని సులభము చేసినవని తలంతురేమో! పెండ్లియింట బాజా లాగినపిదప వెనుకగదిలోని గుసగుసలు వినబడవా? యింజను మ్రోత లేనందున చక్రముల రొదయు, గాలి యీలయు, మోటారు సన్నని కూతయు నిప్పుడు చెవికి సోకుచున్నవి. మరియొక చిక్కు: చప్పుడులేని కారు వచ్చుట అంధులకు, వీథిలో నాడు పిల్లలకు తెలియదు. అందువలన ఐరోపాలో 2019 జూలై నుండి క్రొత్త నమూనా విద్యుత్తుకార్లు మెల్లగా పోవునపుడు కృత్రిమధ్వని చేయవలెనని నియమ మేర్పడినది. సద్దును చంపువారికే సద్దును పుట్టించు పనియు నబ్బినది!

కుమార్తె మెకానికల్ శాఖను కోరినచో, "చేతులకు నూనెమరక లేల?" యని వారించు తల్లు లిప్పటికిని గలరు. ఈ పనికి కావలసినవి గణితము, ఓరిమి, చురుకైన చెవులు. ముందుబల్లను వణుకుయంత్రముపై నుంచి గంటలకొలది కదలించి, "కిర్రు" మను మూల యేదో చెవియొగ్గి వెదకుదురు. తుదకు దొరకునది ఒకదానినొకటి రాచుకొను రెండు ప్లాస్టిక్ అంచులు. వాని నడుమ నుంచవలసినది చిటికెనవ్రేలంత బొంతగుడ్డ పట్టీ.