ప్రోగ్రామింగు భాషలయందలి పూర్ణాంకజాతులు – వాని లక్షణనిరూపణము

గణితశాస్త్రమునందుఁ బూర్ణాంకములకు మేర లేదు. ఎంత పెద్దసంఖ్యను జెప్పినను దానికి నొకటి చేర్చిన వేఱొకసంఖ్య యేర్పడును. కంప్యూటరునందలి పూర్ణాంకములు సాధారణముగా నట్టివి కావు. సంఖ్య కింత చోటని ముందే నిర్ణయింపఁబడియుండును. ఆ చోటఁ బట్టనిసంఖ్య యచ్చట నిలువదు. కావునఁ బెక్కు ప్రోగ్రామింగు భాషలయందుఁ బూర్ణాంకములు పరిమాణమునుబట్టి కొన్ని జాతులుగా విభక్తములై యున్నవి. భాషతోఁ గూడ నందఱకు సిద్ధముగా నొసంగఁబడు ప్రోగ్రాముల సముదాయమునకుఁ బ్రమాణగ్రంథాలయ మని పేరు. దాని వివరణమునందు నీ జాతుల లక్షణములు చెప్పఁబడును. ఆ వివరణ మెట్లుండవలయునో, యం దేది లోపించిన నే యనర్థము వాటిల్లునో విచారింపఁదగియున్నది.

సంఖ్య యాక్రమించు చోటునకు మానము బిట్టు. ఒక బిట్టునందు సున్నయో యొకటియో యుండును. ఛందశ్శాస్త్ర మెఱిఁగినవారి కిది సుబోధము. ప్రతియక్షరమును గురువో లఘువో యగుటచే మూఁడక్షరములకు 8 గణములును, ఎనిమిదక్షరముల యనుష్టుప్ఛందమునకు 256 వృత్తములును బ్రస్తారమునఁ దేలినట్లే యెనిమిది బిట్లకు 256 రూపములు గలుగును. వానికి 0 మొదలు 255 వఱకు సంఖ్యలను సంకేతించిన నది ఋణసంఖ్యలు లేని జాతి. సగము రూపములను ఋణసంఖ్యల కిచ్చినచో −128 మొదలు 127 వఱకుఁ గల ధనర్ణజాతి యగును. రెండవసగమున నొకరూపమును సున్న యాక్రమించుటచే ఋణపక్షమున నొకసంఖ్య యధికము. ఇట్లే 32 బిట్ల ధనర్ణజాతికిఁ బైమేర 2,14,74,83,647.

జాతికిఁ బెట్టిన పేరే దాని ప్రథమలక్షణము. 1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలయందు డెన్నిస్ రిచీ నిర్మించిన సీ భాషలో ముఖ్యమైన పూర్ణాంకజాతికి 'ఇంట్' అని పేరు. 1989 నాఁటి ప్రమాణము ననుసరించి యది −32,767 మొదలు 32,767 వఱకు నైనఁ బట్టవలయును; అంతకు మించి యెంత పట్టుననునది యంత్రమునుబట్టి యుండును. ఒకచోట 16 బిట్లు, మఱొకచోట 32 బిట్లు. ఒక్కటే పదము స్థలభేదమున భిన్నార్థము నిచ్చుటచే, నొకయంత్రమున సరియైన ఫలము నిచ్చిన ప్రోగ్రాము వేఱొకట దప్పు ఫలము నీయఁగలదు. 1999 నాఁటి ప్రమాణమున బిట్ల సంఖ్యను బేరునందే తెలుపు జాతులు చేర్పఁబడి యీ కొఱఁత తీఱెను.

2015 మే నెలలోఁ బ్రథమ స్థిరరూపమున వెలువడిన రస్టు భాష యీ మార్గమునే త్రొక్కినది. దాని ధనర్ణజాతులు 'ఐ8' మొదలు 'ఐ128' వఱకును, ఋణసంఖ్యలు లేనివి 'యూ8' మొదలు 'యూ128' వఱకును బరిమాణమును బేరనే చెప్పుచున్నవి. యంత్రమునుబట్టి మాఱు జాతులు రెండుమాత్రము గలవు. అవి మొదట 'ఇంట్', 'యూఇంట్' అనఁబడెడివి. ఆ పేరులు చూచి యెల్లయెడల వాడఁదగిన సామాన్యజాతు లవియే యని వ్రాయువారు భ్రమపడుదు రని, స్థిరరూపమునకు ముందే వానిని 'ఐసైజ్', 'యూసైజ్' అని మార్చిరి.

అయినను మేర చెప్పినంతనే లక్షణము పూర్ణము గాదు. మేర దాఁటిన నేమగునో కూడఁ జెప్పవలయును. ఎనిమిది బిట్ల 'యూ8' జాతియందు 250కిఁ 10 కూడిన 260 రావలయును గాని యది పట్టదు. రస్టు ప్రమాణగ్రంథాలయమున దీనికి వేర్వేఱు క్రియలు గలవు. ఒకటి ఫలము లేదని తెలుపును. ఒకటి చక్రమువలె మొదటికిఁ దిరిగివచ్చి 4 నిచ్చును. ఒకటి పైమేరయగు 255 కడ నిలుచును. వేఱొకటి 4 నిచ్చుచు మేర దాఁటిన దని గుఱుతు చూపును. సామాన్యమగు కూడికయందో, పరీక్షార్థమైన రూపమునఁ బ్రోగ్రాము నిలిచిపోవును. వినియోగమునకై సిద్ధపఱచిన రూపమున, వేఱుగ నాజ్ఞాపింపనిచో, సంఖ్య చక్రమువలెఁ దిరుగును. ఇది చెప్పని వివరణము చదువరిని మోసపుచ్చును.

ఇందుకు నిదర్శన మొకటి. ఋణచిహ్నమును దొలఁగించి సంఖ్యయొక్క కేవలమానమును దెలుపు క్రియ కలదు. 'ఎప్పుడును ఋణసంఖ్య నీయనిది' అని దానికి లక్షణము చెప్పిన నది యవ్యాప్తిదోషదుష్టము. ఏలన 'ఐ8' జాతియందు −128కి సరియగు 128 లేదు. వినియోగరూపమున నా క్రియ −128నే మరల నిచ్చును. రస్టు వివరణము దీనిని బ్రత్యేకశీర్షికక్రింద నెఱిఁగించి, ఋణసంఖ్యలు లేని జాతిలో ఫలము నిచ్చు వేఱొక క్రియను జూపుచున్నది.

పండ్రెండు జాతులకు నీ వివరణమును వేర్వేఱుగ వ్రాసినచో నొకచోట దిద్దినది మఱొకచోట దిద్దకపోవుట తప్పదు. అందుచే ధనర్ణజాతుల కొక పాఠమును, ఋణసంఖ్యలు లేనివాని కొక పాఠమును మాత్రమే వ్రాసి, జాతి పేరును, మేరలను, ఉదాహరణములందలి సంఖ్యలను యంత్రముచేతనే మార్పించుదురు. ప్రకృతియాగమందలి మంత్రమున దేవతానామమును మార్చి వికృతియందుఁ బఠించుటను మీమాంసకు లూహ యందురు. ఈ పద్ధతి యట్టిది. మఱియు నందలి యుదాహరణములు సామాన్యముగాఁ బ్రోగ్రాములుగా నడపఁబడి పరీక్షింపఁబడును. లక్షణమునకు లక్ష్యము విరోధించిన నది యప్పుడే బయల్పడును.

ఇంతటి వివరణము గూడఁ దీర్పలేని లోప మొకటి కలదు. 1996 జూన్ 4వ తేదీన ఫ్రెంచి గయానాయందలి కురూనుండి లేచిన ఏరియన్ 5 రాకెట్టు సుమారు 40 సెకండులలో నశించెను. దాని మార్గనిర్దేశక యంత్రమునందు, భిన్నభాగముతోఁ గూడిన 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకముగా మార్చు ప్రోగ్రాము ఏరియన్ 4నుండి గ్రహింపఁబడినది. పాతరాకెట్టు గమనమున మేర దాఁటని యా సంఖ్య క్రొత్తదాని గమనమున దాఁటెను. ఏడా భాషలోని యా ప్రోగ్రాము మేర దాఁటిన దని ప్రకటించెను. దానిని సవరించు భాగము లేక యంత్రము నిలిచిపోయెను. అట్టి యపాయము గల యేడు సంఖ్యలలో నాలుగింటికే రక్షణ యుండెననియు, మూఁడు విడువఁబడుటకుఁ గారణము ప్రోగ్రాము మూలపాఠమునఁ గానరాలేదనియు విచారణసంఘము తెలిపెను.

ఇచ్చట భాష తాఁ జెప్పినట్లే నడచినది. జాతికి మేర యింత యని ప్రమాణగ్రంథాలయము చెప్పఁగలదు. ఈ సంఖ్య యా మేరలో నేల యిముడునో చెప్పవలసినవాఁడు ప్రోగ్రాము వ్రాయువాఁడే. అతఁడు దానిని బ్రయోగించినచోటనే వ్రాసియుంచిననే, యా ప్రోగ్రామును వేఱొకయంత్రమునకుఁ గొనిపోవువాఁడు మరల విచారించుట కవకాశము గలుగును.