రెండు కార్డులు ఉన్నా డేటా ఎందుకు పోతుంది? టైటన్ దాకా వెళ్లొచ్చిన జవాబు

మీ కెమెరాలో రెండు మెమరీ కార్డ్ స్లాట్లు ఉన్నాయా? అయితే డేటా సేఫ్ అని అప్పుడే ఫిక్స్ అయిపోకండి. ఎందుకో చెప్పడానికి నాకు తెలిసిన బెస్ట్ ఉదాహరణ శని గ్రహం దగ్గర జరిగింది.

2005 జనవరి 14న యూరప్ వాళ్ల హైగెన్స్ ప్రోబ్ శని ఉపగ్రహం టైటన్ మీద దిగింది. దాని డేటా ఏ, బి అనే రెండు రేడియో ఛానెళ్లలో కాసిని నౌకకి చేరాలి, కాసిని దాన్ని స్టోర్ చేసి భూమికి పంపాలి. కానీ కాసినిలో ఏ ఛానెల్ రిసీవర్‌ని ఆన్ చేసే కమాండ్ మిస్సయింది. ప్రోబ్ చెబుతూనే ఉంది, వినేవాళ్లు లేరు!

చాలా పరికరాల డేటా రెండింటిలోనూ ఒకేలా వెళ్లింది కాబట్టి బతికిపోయింది. ఫొటోలు మాత్రం ఎక్కువ రావాలని సగం అటు, సగం ఇటు పంచారు. దాదాపు 700కి 350 వచ్చాయి. మన భాషలో మిగతా డేటాకి రెయిడ్ 1, ఫొటోలకి రెయిడ్ 0 అన్నమాట. గాలి వేగం కొలిచే ప్రయోగమైతే పూర్తిగా ఏ ఛానెల్ మీదే ఆధారపడింది. దాన్ని కాపాడింది గ్రీన్ బ్యాంక్, పార్క్స్ లాంటి భూమ్మీది రేడియో టెలిస్కోపులు. అవి ఆ సిగ్నల్‌ని సొంతంగా రికార్డ్ చేశాయి.

దీనికంటే నాకు నచ్చిన భాగం 2000లో జరిగిన టెస్ట్. 1997లో లాంచ్ అయ్యాక, దారిలో ఉండగా, బోరిస్ స్మెడ్స్ అనే ఇంజనీర్ పట్టుబట్టి గోల్డ్‌స్టోన్ యాంటెన్నా నుంచి హైగెన్స్‌లాంటి సిగ్నల్‌ని డాప్లర్ మార్పుతో సహా కాసినికి పంపించారు. సిగ్నల్ అందింది, డేటా మాత్రం చెడిపోయింది. లాంచ్‌కి ముందు ఈ టెస్ట్ పూర్తిస్థాయిలో చేయలేదు. రెండు రిసీవర్లలోనూ ఒకే డిజైన్ లోపం కాబట్టి రెండో కాపీ ఉన్నా లాభం లేదు. చివరికి కాసిని దారినే మార్చి డాప్లర్ ప్రభావం తగ్గించారు.

ల్యాబ్‌లో వైబ్రేషన్ టెస్ట్‌కైనా లెక్క ఇదే. రికార్డర్ మధ్యలో ఆగితే మళ్లీ ఊపాలి, ఊపిన ప్రతిసారీ హార్డ్‌వేర్ ఆయుష్షు కొంత ఖర్చవుతుంది. అందుకే రెండు రికార్డర్లు పెడితే వేర్వేరు రకంవి, వేర్వేరు పవర్ లైన్ల మీద పెట్టాలి. మొదలుపెట్టే ముందు తెలిసిన సిగ్నల్ ఒకటి సెన్సర్ వైపు నుంచి పంపి, సేవ్ అయిన ఫైల్ తెరిచి చూడాలి. ఎర్ర లైట్ వెలిగితే నేను నమ్మను. ఆఫీసులో బ్యాకప్ జాబ్ సక్సెస్ అని చూపించినా రీస్టోర్ చేసి చూశాకే ఓకే అంటాను.

ఇక మీ కెమెరా మెనూలో బ్యాకప్ మోడ్ ఉందో, ఒక కార్డు నిండాక రెండోది వాడే మోడ్ ఉందో ఇప్పుడే చూసుకోండి. పెళ్లి షూట్‌కి వెళ్లేవాళ్లైతే ఒక టెస్ట్ ఫొటో తీసి, రెండు కార్డుల్లోనూ అది తెరుచుకుంటుందో లేదో చూశాకే బయల్దేరండి.