అద్దె తక్కువ పేట కాదు, చేతిలో మిగిలే పేట చూసుకోండి

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ళకి తెలుసు, మాట్లాడింది మొదటి ఉద్యోగం, మొదటి అద్దె గది గురించి. ముప్పావు గంటలో అన్నీ చెప్పలేకపోయాం. లెక్కలు వింటే గుర్తుండవు, కళ్ళతో చూడాలి. అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. ఎపిసోడ్ విననివాళ్ళు కూడా ఇది చదివితే సరిపోతుంది.

నేను ఉండేది సుంగై సుమున్. పేరాక్ రాష్ట్రంలో హుతన్ మెలింతాంగ్ నుంచి బగాన్ దాతుక్ పోయే దారిలో ఉంటుంది. చుట్టూ పామాయిల్ తోటలు, కొబ్బరి తోటలు. ఈ ప్రాంతంలో మూడు నాలుగు తరాల క్రితం వచ్చిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఆ ఇళ్ళ పిల్లలు చదువు అవగానే క్లాంగ్‌కో కువాలా లంపూర్‌కో పోతున్నారు. ఆంధ్రా, తెలంగాణల నుంచి కొత్తగా వచ్చేవాళ్ళదీ అదే దారి. ఇద్దరూ అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఎక్కడ చవగ్గా దొరుకుతుంది?"

ఆ ప్రశ్ననే కొంచెం మార్చాలి. "ఎక్కడ ఉంటే నెలాఖరుకి ఎక్కువ మిగులుతుంది, పని పోయినా తల మీద కప్పు ఉంటుంది?" అని అడగండి. అప్పుడు జవాబు వేరే వస్తుంది.

ముందు మీ పర్మిట్ ఏదో చూసుకోండి

మీరు కాంట్రాక్టు లేబర్ పర్మిట్ మీద, అంటే పిఎల్‌కెఎస్ మీద వచ్చి ఉంటే గది వెతుక్కోవడం మీ పని కాదు. వసతి చూపించాల్సింది కంపెనీ. 1990 నాటి చట్టం ఒకటుంది, ఇక్కడ అందరూ యాక్ట్ 446 అంటారు. ముందు తోటలకీ గనులకీ ఉండేది. దాన్ని 2019లో సవరించి, 2020 జూన్ 1 నుంచి మిగతా రంగాలకీ వర్తింపజేశారు. మన కన్‌స్ట్రక్షన్ కూడా అందులో ఉంది.

ఆ లెక్క ప్రకారం డార్మిటరీ అయితే పడుకునే చోటు మనిషికి 3 చదరపు మీటర్లకి తగ్గకూడదు. మామూలు ఇంట్లోనో ఫ్లాట్‌లోనో పెడితే 3.6 చదరపు మీటర్లు. ఎవరి మంచం వాళ్ళకి, 4 అంగుళాల పరుపు, తాళం వేసుకునే అలమర ఇవ్వాలి. ఇంట్లో అయితే ఆరుగురికి ఒక మరుగుదొడ్డి, డార్మిటరీలో 15 మందికి ఒకటి. ఆ వసతికి లేబర్ డిపార్ట్‌మెంట్ సర్టిఫికెట్ ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం, వసతి పేరు చెప్పి జీతంలో నెలకి 100 రింగిట్ కంటే ఎక్కువ కోయకూడదు.

సైటు పక్కన రేకుల కొంగ్సిలో పడుకోబెట్టి 150, 200 కోస్తుంటే అది రూలు కాదు. లేబర్ డిపార్ట్‌మెంట్‌కి చెప్పుకోవడానికి "వర్కింగ్ ఫర్ వర్కర్స్" అనే ఫోన్ యాప్ ఉంది. పే స్లిప్ ఫోటో తీసి దాచుకోండి. మాట కంటే కాగితం గట్టిది.

ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద వచ్చినవాళ్ళు, ఇక్కడే పుట్టిన మన పిల్లలు మాత్రం గది సొంతంగా వెతుక్కోవాలి. కిందది ఎక్కువగా మీ కోసం.

పని, ఇల్లు ఒకే తాడుకి కట్టొద్దు

ఇక్కడి పెద్దవాళ్ళకి "పేట ఎంచుకోవడం" అనే మాటే ఉండేది కాదు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి వైపు నుంచి మేస్త్రీల వెంట వచ్చారు. 1938లో ఇండియా ప్రభుత్వం మలయాకి కూలీలను పంపించడం ఆపేసేదాకా ఆ రాకడ సాగింది. తోటలోనే పని, తోటలోనే లైను ఇల్లు. అద్దె లేదు. బయట నుంచి చూస్తే ఇంతకన్నా చవక ఏముంది?

కానీ పని ఉన్నన్నాళ్ళే ఇల్లు. 1980లు, 90లలో క్లాంగ్ వ్యాలీ చుట్టుపక్కల ఎస్టేట్లు అమ్మేసి హౌసింగ్ వేసినప్పుడు, లైన్లలో బతికిన కుటుంబాలకి పనీ ఇల్లూ ఒకేసారి పోయాయి. ఆ మనుషులు ఊళ్ళో ఇంకొక గది అద్దెకి తీసుకుని ఎరగరు. చేతిలో డిపాజిట్ డబ్బూ లేదు.

ఇప్పుడు ఇది ఎందుకు చెప్తున్నానంటే, సూపర్‌వైజర్ ఉద్యోగానికో ఆఫీసు ఉద్యోగానికో పోతే కొన్ని కంపెనీలు "రూము మేమే ఇస్తాం, జీతం కొంచెం తక్కువ" అంటాయి. మొదటి రెండు మూడు నెలలకి అది మంచిదే, కాదనను. ఆ తర్వాత మాత్రం మీ పేరు మీద ఒక గది ఉండేలా చూసుకోండి. గది మీదైతే జీతం ఆపినప్పుడు, ఓటీ ఎగ్గొట్టినప్పుడు గట్టిగా అడగగలరు. రాత్రికి ఎక్కడ పడుకోవాలో తెలియనివాడు ఏమడుగుతాడు?

అద్దె ఒక్కటే చూస్తే మోసపోతారు

లెక్క కోసం రెండు గదులు అనుకుందాం. నెలకి 26 రోజుల పని.

మొదటి గది పనికి దగ్గర. అద్దె 450 రింగిట్. రోజూ బస్సుకి 2 రింగిట్, నెలకి 52. మొత్తం 502.

రెండో గది దూరం. అద్దె 280. చూడగానే "170 మిగిలింది" అనిపిస్తుంది. కానీ రెండు బండ్లు మారాలి, రోజుకి 8 రింగిట్. నెలకి 208. వారంలో రెండు రోజులు ఓటీ చేసి ఆలస్యమైతే ఆఖరి బస్సు ఉండదు, గ్రాబ్ పిలవాలి. ఒక్కోసారి 15 చొప్పున ఎనిమిది సార్లకి 120. మొత్తం 608.

చవక గది నెలకి 106 రింగిట్ ఎక్కువ తిన్నది. ఇంకా టైము లెక్క వేయలేదు. రోజుకి రెండు గంటలు అదనంగా తిరిగితే నెలకి 52 గంటలు. అంటే ఆరు పనిదినాల పైనే బస్సులో కూర్చున్నట్టు.

2025 ఫిబ్రవరి నుంచి కనీస జీతం 1,700 రింగిట్. గంటకి 8 రింగిట్ 72 సెన్. మామూలు రోజు ఓటీ ఒకటిన్నర రెట్లు కాబట్టి గంటకి 13 రింగిట్ పైన పడుతుంది. దూరం వల్ల నెలకి పది గంటల ఓటీ వదులుకున్నా ఇంకో 130 పోయినట్టే.

అందుకని గది చూడబోయే ముందు కాగితం మీద నాలుగు అంకెలు రాయండి: అద్దె, కరెంటు నీళ్ళు, రాకపోకలు, పోయే ఓటీ. నాలుగూ కూడితేనే అసలు అద్దె. మీ అంకెలు వేరే రావచ్చు. దూరం గదే నెగ్గితే అక్కడికే పొండి, తప్పు లేదు.

ఏ వైపు చూడాలి

మొత్తం క్లాంగ్ వ్యాలీని ఒక ఊరు అనుకోకండి. రైలు గీతలు పట్టుకుని చూడండి.

సుంగై సుమున్ వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి క్లాంగ్ సహజంగా కుదురుతుంది. హుతన్ మెలింతాంగ్ దగ్గర 5వ నంబర్ ఫెడరల్ రోడ్డు ఎక్కితే సబాక్ బెర్నామ్, కువాలా సెలంగోర్, కాపర్ మీదుగా తిన్నగా క్లాంగ్ చేరుతుంది. పండక్కి ఇంటికి రావడం తేలిక. క్లాంగ్ నుంచి కెటిఎం కొమ్యూటర్ రైలు షా ఆలమ్, సుబాంగ్ జయ మీదుగా కెఎల్ సెంట్రల్ పోతుంది. మన తిండి, మన సరుకులు తెంకు కెలానా వీధిలో దొరుకుతాయి.

పని కాపర్, మేరు ఫ్యాక్టరీల వైపు అయితే అక్కడ రైలు లేదు. బండి లేకుండా ఆ పక్క గది తీసుకుంటే ఇబ్బందే. చిన్న కపచై బైకు ఉంటే లెక్క మారిపోతుంది, చాలా హైవేల మీద బైకుకి టోల్ ఉండదు. కానీ ఇక్కడ చెల్లే లైసెన్సు, ఇన్సూరెన్సు లేకుండా బండి ముట్టుకోవద్దు.

ఉత్తరాన రావాంగ్ కూడా ఆ పోర్ట్ క్లాంగ్ కొమ్యూటర్ గీత మీదే ఉంది. కాజాంగ్‌కి ఎంఆర్‌టీ, కొమ్యూటర్ రెండూ ఉన్నాయి. పుచోంగ్‌కి ఎల్‌ఆర్‌టీ ఉంది. కెఎల్ నడిబొడ్డున, సెంట్రల్ పక్కనే ఉన్న బ్రిక్‌ఫీల్డ్స్‌లో మనవాళ్ళ షాపులూ గుళ్ళూ ఉన్నాయని మొదటి జీతంతో అక్కడే ఉండాలనుకోకండి. ఆదివారం రైలెక్కి వెళ్ళి రావచ్చు.

ఇంకొక మాట. నెలకి 50 రింగిట్‌కి రాపిడ్ కెఎల్ రైళ్ళు, బస్సులు ఎన్నిసార్లైనా ఎక్కే "మై50" పాస్ ఉందని ఎవరైనా చెప్తారు. అది మలేషియా పౌరులకే. ఇక్కడ పుట్టిన మన పిల్లలు తప్పకుండా తీసుకోండి. ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు ఆ 50 చూసి లెక్క వేసుకోవద్దు. కొమ్యూటర్ ఎలాగూ ఆ పాస్‌లోకి రాదు.

గది చూడ్డానికి వెళ్ళినప్పుడు

పనికి వెళ్ళే టైములో వెళ్ళండి, పని నుంచి వచ్చే టైములో ఇంకోసారి వెళ్ళండి. ఆదివారం మధ్యాహ్నం అన్ని పేటలూ బాగానే కనిపిస్తాయి. లోపలికి వెళ్ళాక సైటు మనిషిలా చూడండి:

గోడ కింద భాగం. మోకాలి ఎత్తులో సమానంగా ఒక మరక గీతలా ఉంటే అది వరద గీత. కొత్త పెయింటు కింది సగానికే వేసి ఉన్నా అడగండి. 2021 డిసెంబరు వరదల్లో షా ఆలమ్‌లోని తామన్ శ్రీ ముడా ఎలా మునిగిందో అందరూ చూశారు. పల్లపు పేటలో అద్దె తగ్గడానికి కారణం ఉంటుంది. కింది అంతస్తు అయితే పక్కింటివాళ్ళని "బంజిర్ వస్తుందా?" అని అడగండి. ఆ ఒక్క మలయ్ మాట చాలు.

పార్టిషన్ గదులు. హాలుని ప్లైవుడ్‌తో నాలుగు ముక్కలు చేసి అద్దెకిస్తారు. కిటికీ లేని ముక్క తీసుకోవద్దు. ఒకే ప్లగ్గు నుంచి నాలుగు గదులకి వైరు లాగి ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

గ్రిల్ తాళం. ఇక్కడ ప్రతి ఇంటికీ ఇనుప గ్రిల్ ఉంటుంది. దాని తాళంచెవి ఒకడి జేబులోనే ఉంటే రాత్రి నిప్పంటుకున్నప్పుడు మిగతావాళ్ళకి దారి లేదు. ప్రతి మనిషికీ ఒక చెవి ఇవ్వాలి, లేదా లోపల చేతికందేలా ఒకటి వేలాడాలి. దీని మీద బేరం వద్దు.

నీళ్ళు. లిఫ్టు లేని ఫ్లాట్‌లో పై అంతస్తు చవక. సాయంత్రం ఏడింటికి కుళాయి తిప్పి చూడండి, ధార ఎలా వస్తుందో తెలుస్తుంది.

డబ్బు, కాగితం

ఇక్కడ ఎక్కువగా అడిగేది రెండు నెలల డిపాజిట్, కరెంటు నీళ్ళకి అర నెల, ముందుగా ఒక నెల అద్దె. 450 గదికి అది 900, 225, 450. మొత్తం 1,575 రింగిట్. దాదాపు ఒక నెల కనీస జీతం! మొదటి జీతం రాకముందే ఇది చేతిలో ఉండాలి. ఒక్క గదికి ఒక నెల డిపాజిట్‌తో సరిపెట్టేవాళ్ళూ ఉంటారు, సిగ్గుపడకుండా అడగండి.

గది చూడకుండా, ఫోన్‌లో ఫోటో చూసి "బుకింగ్" అని ఒక్క రింగిట్ పంపొద్దు. చూశాక కూడా చేతికి డబ్బిస్తే రసీదు తీసుకోండి, వీలైతే బ్యాంకు ద్వారానే వేయండి. అగ్రిమెంట్ రాయించి స్టాంపు వేయించమనండి. డిపాజిట్ ఎప్పుడు, ఏ కోతలతో తిరిగి ఇస్తారో అందులో ఉండాలి. చేరిన రోజే గోడలు, మీటరు, సామాను ఫోటోలు తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. వెళ్ళేటప్పుడు "ఈ పగులు నువ్వు చేసిందే" అంటే చూపించడానికి అవే.

ఓనరు మీ పాస్‌పోర్టు, పర్మిట్ కాపీ అడగడం మామూలే. కాపీ ఇవ్వండి. అసలు పాస్‌పోర్టు డిపాజిట్‌గా ఎవరికీ ఇవ్వొద్దు, ఓనరైనా కంపెనీ అయినా. మీతో గది పంచుకునేవాడి పర్మిట్ కూడా చూడండి. మీ పేరు మీద గది ఉండి, అందులో కాగితాలు లేని మనిషి దొరికితే చిక్కు మీకూ వస్తుంది.

మొదటి నెల తొందరపడొద్దు

ఇక్కడి కుటుంబాల్లో క్లాంగ్‌లో ఒక పిన్నో మావయ్యో లేనివాళ్ళు తక్కువ. రెండు మూడు వారాలు వాళ్ళింట్లో ఉండండి, బియ్యానికీ కరెంటుకీ ఎంతో కొంత చేతిలో పెట్టండి. ఆ వారాల్లో మీ షిఫ్టు ఏంటో, ఓటీ ఎన్ని రోజులో తెలుస్తుంది. అది తెలియకుండా ఏడాది అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకండి. ఎవరూ లేకపోతే నెలనెలా కట్టే గది తీసుకోండి, అద్దె కాస్త ఎక్కువైనా సరే.

ఊళ్ళో అమ్మానాన్నలకి డబ్బు పంపే తేదీ కూడా ఈ లెక్కలో పెట్టుకోండి. అద్దె ఒకటో తారీఖు, జీతం ఏడో తారీఖు అయితే ప్రతి నెలా ఆ ఆరు రోజులు అప్పే. అద్దె తేదీ పదికి మార్చమని మొదటి రోజే అడిగితే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు. తర్వాత అడిగితే కష్టం.

మీ పేటలో నాలుగు అంకెలు ఎంత వచ్చాయో మాకు రాసి పంపండి. అద్దె, కరెంటు నీళ్ళు, రాకపోకలు, పోయిన ఓటీ. పేరు చెప్పక్కర్లేదు, పేట పేరు చాలు. వచ్చినవన్నీ కలిపి ఇంకొక ఎపిసోడ్‌లో చదువుదాం. మీ తర్వాత వచ్చే తమ్ముడికి అవి పనికొస్తాయి.