శిక్ష ఖరారులో కింది కోర్టుకే మొగ్గు
సరైన కారణాలుంటే పైకోర్టు జోక్యం పరిమితమే

మచిలీపట్నం: కింది కోర్టులో శిక్ష పడగానే ‘హైకోర్టులో చూసుకుందాం’ అనుకోవడం గుడివాడ, దివిసీమ ప్రాంతాల కక్షిదారులకు పరిపాటి. శిక్ష ఎక్కువైందని దోషి కుటుంబం, తక్కువైందని బాధిత కుటుంబం అప్పీలుపైనే ఆశలు పెట్టుకుంటాయి. అయితే ప్రతి కేసులోనూ పైకోర్టు శిక్షను కొత్తగా నిర్ణయించదు. విచారణ జరిపిన న్యాయమూర్తి తన విచక్షణను సక్రమంగా వినియోగించారా, లేదా అన్నదే ప్రధానంగా పరిశీలిస్తుంది. అందువల్ల శిక్షపై అసలు వాదన కింది కోర్టులోనే వినిపించాల్సి ఉంటుంది.

అప్పీలు ఎక్కడికి?
ప్రథమశ్రేణి మెజిస్ట్రేట్ మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించగలరు. గుడివాడ, అవనిగడ్డలలో మెజిస్ట్రేట్ ఇచ్చిన తీర్పుపై 30 రోజుల్లోగా సెషన్స్ కోర్టుకు అప్పీలు చేసుకోవాలి. జిల్లా సెషన్స్ కోర్టు మచిలీపట్నంలో ఉంది. సెషన్స్ కోర్టే విచారించి శిక్ష విధించిన కేసుల్లో అమరావతిలోని హైకోర్టును 60 రోజుల్లోగా ఆశ్రయించాలి. ఉరిశిక్ష పడితే ఈ గడువు 30 రోజులే.

మొగ్గు ఎందుకు?
సాక్షులు చెప్పిన తీరును, దోషి ప్రవర్తనను ప్రత్యక్షంగా చూసేది విచారణ న్యాయమూర్తి. పైకోర్టు ముందుకు చేరేవి కాగితాలు మాత్రమే. పైగా అనేక నేరాలకు చట్టం గరిష్ఠ శిక్షను చెప్పి, ఆ లోపు ఎంత విధించాలన్నది న్యాయమూర్తికే విడిచిపెట్టింది. ఒకే నేరానికి ఒకరు రెండేళ్లు, మరొకరు మూడేళ్లు సబబని భావించవచ్చు. ఆ తేడా ఒక్కటే శిక్షను మార్చడానికి కారణం కాజాలదు.

ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు తొలినాళ్లలోనే స్థిరపరిచింది. విచక్షణను న్యాయసమ్మతంగా వినియోగించినప్పుడు, బలమైన కారణాలుంటే తప్ప దోషికి నష్టం కలిగేలా శిక్షను మార్చరాదని, ఆ కారణాలు తీర్పులోనే కనిపించాలని 1955లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో పేర్కొంది.

తగ్గింపునకూ కారణం కావాలి
శిక్ష తగ్గించేటప్పుడూ ఇదే కట్టుబాటు వర్తిస్తుంది. ఐదేళ్ల బాలికపై జరిగిన అత్యాచారం కేసులో విచారణ కోర్టు పదేళ్ల శిక్ష విధించగా, నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దానిని ఐదేళ్లకు తగ్గించింది. రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తగిన కారణాలు లేవంటూ 2000లో సర్వోన్నత న్యాయస్థానం పదేళ్ల శిక్షను పునరుద్ధరించింది. అంతకుముందు 1995లో, హైకోర్టు పదేళ్ల నుంచి నాలుగేళ్లకు తగ్గించిన మరో అత్యాచారం కేసులో శిక్షను ఏడేళ్లకు పెంచింది.

ఉరిశిక్ష తీరు వేరు
ఉరిశిక్ష విషయంలో ఈ మొగ్గు ఉండదు. సెషన్స్ కోర్టు విధించిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువీకరించనిదే అమలు చేయరాదు. ధ్రువీకరణకు ముందు సాక్ష్యాలన్నింటినీ హైకోర్టు తిరిగి పరిశీలించాలి. మన రాష్ట్రానికి చెందిన ఒక యువతికి రెండు కోర్టులూ ఖాయం చేసిన ఉరిని 1974లో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ధర్మాసనం యావజ్జీవ శిక్షగా మార్చింది. ఆమె వయసును, జీవన పరిస్థితులను అందుకు పరిగణనలోకి తీసుకుంది.

నేరమే రుజువు కానప్పుడు శిక్ష ప్రశ్నే తలెత్తదు. మచిలీపట్నానికి చెందిన యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు 2014 జనవరిలో ముంబయిలో హత్యకు గురైన కేసు ఇందుకు ఉదాహరణ. నిందితుడికి అక్కడి ప్రత్యేక కోర్టు 2015లో ఉరిశిక్ష విధించింది. బొంబాయి హైకోర్టు 2018లో ధ్రువీకరించింది. పరిస్థితుల సాక్ష్యాల గొలుసు పూర్తి కాలేదంటూ సుప్రీంకోర్టు 2025 జనవరి 28న అతడిని నిర్దోషిగా విడుదల చేసింది.

పెంచమని ఎవరు కోరాలి?
శిక్ష తక్కువైందని అప్పీలు చేసే అధికారం ప్రభుత్వానిది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ ద్వారా అది దాఖలు కావాలి. నిందితుడిని విడుదల చేసినా, తక్కువ నేరం కింద శిక్షించినా, పరిహారం చాలకపోయినా బాధితులు స్వయంగా అప్పీలు చేసుకోవచ్చు. శిక్ష చాలలేదన్న కారణంతో మాత్రం వారికి ఆ హక్కు లేదని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. ప్రభుత్వం ముందుకు రాకపోతే వారు హైకోర్టులో రివిజన్ పిటిషన్ వేసుకోవచ్చు. మరోవంక, దోషి తన శిక్షపై వేసుకున్న అప్పీలులో దానిని పెంచడానికి చట్టం అనుమతించదు. ప్రభుత్వ అప్పీలుపై పెంచదలచినా దోషి వాదన వినాల్సిందే.

ఆ రోజే కీలకం
సెషన్స్ కేసుల్లో నేరం రుజువైనట్లు ప్రకటించిన తరువాత శిక్షపై ప్రత్యేకంగా వాదనలు వినాలని చట్టం నిర్దేశిస్తోంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ 258వ సెక్షన్ కింద ఈ నిబంధన కొనసాగింది. దోషి వయసు, ఆరోగ్యం, పాత కేసులు లేకపోవడం, కుటుంబానికి అతడే ఆధారం కావడం వంటి అంశాలను ఆధారాలతో అప్పుడే కోర్టు ముందుంచాలి. గాయాల తీవ్రత, వైద్య ఖర్చులు, కోల్పోయిన జీవనోపాధి వివరాలను బాధితులు ప్రాసిక్యూటర్‌కు ముందుగానే అందజేయాలి. అప్పుడు రికార్డుకెక్కని అంశానికి పైకోర్టులో విలువ దక్కడం కష్టమే.