అత్తయ్యకు తోడు ఏ కుక్క?

ఎమ్మిగనూరులో మా మేనత్త ఒంటరిగా ఉంటున్నది. కొడుకు బెంగుళూరు వెళ్ళినప్పటి నుంచి ఇల్లు బోసిపోయిందని, ఒక చిన్న కుక్కపిల్లను చూసిపెట్టమని నన్నడిగింది. చివరికి మాట రెండు జాతుల దగ్గర ఆగింది. పగ్గా, పొమరేనియనా?

పగ్ అంటే 2003లో హచ్ టెలిఫోను ప్రకటనలో కుర్రవాడి వెంట నడిచిందే. ముడతల మొహం, నెమ్మదైన స్వభావం, మొరగడం తక్కువ. అత్తయ్య మనసు దానిమీదే. కాని కుక్కకు మనలాగ ఒళ్ళంతా చెమటపట్టదు. నాలుక చాపి రొప్పితేనే దాని వేడి దిగుతుంది. పగ్ మూతి నొక్కేసినట్టుంటుంది, ఊపిరి దారి ఇరుకు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయిందా, దాని ప్రాణం మీదికి వస్తుంది. మనం ముద్దుగా నవ్వుకునే ఆ గురక చాలాసార్లు ఆయాసమే!

"మరి ఆ బొచ్చుదానికి ఎండ తగలదేంరా?" అన్నది అత్తయ్య.

తగులుతుంది. అయినా మూతి కాస్త పొడుగు కనుక రొప్పడానికి వీలుంటుంది. వేసవి వచ్చిందని నున్నగా గొరిగించకూడదు, రోజూ దువ్వితే చాలు. పైగా మన వైపు పొమరేనియన్ అని అమ్మేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. కొంచెం పెద్దవి, మన ఎండలకు అలవాటుపడ్డవి. నేను దానికే ఓటు వేశాను. నోరు మాత్రం పెద్దది సుమండీ! పాలవాడికీ పోస్టుమానుకూ తప్పించుకునే దారి లేదు. ఒంటరి ఇంటికి ఆ అరుపే కావాలన్నాను.

మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించమని, ఆ తరువాత పశువుల డాక్టరు చెప్పిన గడువులు తప్పవద్దని చెప్పాను.

"జొన్నరొట్టె పెట్టవచ్చునా?"

"ఉప్పూ కారం లేకుండా ఒక ముక్క పెట్టు. ఉల్లిపాయ మాత్రం తగలనీయకు, కుక్క రక్తానికి అది విషం."

"కర్నూలు జిల్లాలో ఉల్లి లేని కూర ఎక్కడిదిరా!" అన్నది అత్తయ్య.